లూమిర్ ఎడమ బుగ్గ

వెల్కా, నెబ్రాస్కా
సెప్టెంబరు 20

లాడీకి,

మనవాళ్ళిద్దరూ బేస్‌బాల్ ఫైనల్‌కి వచ్చేశారు. నిన్న మధ్యాహ్నం మా లూమిర్ జట్టు గెలిచి చోటు ఖాయం చేసుకుంది, సాయంత్రమయ్యేసరికి మీ వెన్సిల్ జట్టు కూడా ఖాయం చేసుకుంది. అంటే అక్టోబరులో దేశమంతా పనులు మానేసి టీవీ ముందు కూచునే వేళకి, అటు బంతి విసిరేది నా కొడుకు, ఇటు బ్యాటు పట్టేది నీ కొడుకు. నా అక్షరాలు మామూలుగానే కోడి కెలికినట్టుంటాయి, ఈ రోజు ఆ కోడి కూడా సంతోషంలో ఉందనుకో. మీ అక్క వ్లాస్తా పక్కన నిలబడి, "ముందు కాఫీ తాగి రాయండి, కలం విరుగుతుంది" అంటోంది.

నేను పనిచేసే ధాన్యం గోదాము వెనక ఆ మైదానం గుర్తుందా నీకు? నేనేమిటి ఇలా అడుగుతాను, ఆ మైదానంలో రాళ్ళేరి గీతలు గీసి పిల్లల జట్టు తయారుచేసింది నువ్వేగా. మా వాడు విసిరేవాడు, మీ వాడు చేతికి తోలు తొడుగు వేసుకుని, బ్యాటు పట్టినవాడి వెనక కూచుని పట్టేవాడు. బావా బావమరుదులు ఇద్దరూ నీ చేతి కింద పెరిగారు. రాష్ట్రం కప్పు తెచ్చినప్పుడు వాళ్ళని ధాన్యం ట్రక్కులో ఊరేగించాం. ఇప్పుడు అదే ఇద్దరు, దేశం కప్పు కోసం ఎదురెదురుగా.

నీకు తెలియని సంగతి కాదు, అయినా రాస్తాను, రాస్తే నాకు తేలిగ్గా ఉంటుంది. మీ వాడికి ఇప్పటికే రెండు ఉంగరాలున్నాయి. కప్పు గెలిచిన జట్టులో ఒక్కొక్కడికీ ఒకటిస్తారు కదా, ఆ ఉంగరాల సంగతే. మా వాడికి ఒక్కటీ లేదు. ముప్ఫై నాలుగేళ్ళు వచ్చాయి. చిన్న ఊళ్ళ జట్లలో, బస్సుల్లో నిద్రపోతూ, డబ్బా చిక్కుడు గింజలు తింటూ గడిపాడు. మొన్న జూన్‌లో ఎవడికో మోచెయ్యి బెణికితే పెద్ద జట్టు వీణ్ణి పిలిచింది. వచ్చే ఏడు ఉంచుకోరని వాడే చెప్పాడు. "నాన్నా, ఇప్పుడు వస్తే వచ్చినట్టు, లేకపోతే ఇక లేనట్టే" అన్నాడు. కాబట్టి మీ వెన్సిల్ బాగా ఆడాలి, జట్టు మాత్రం ఓడాలి. ఇందులో తప్పేమైనా ఉంటే చెప్పు, దిద్దుకుంటాను.

ఫోన్ చేద్దామనుకున్నాను కానీ, మా సంగతి నీకు తెలుసుగా. మా రోడ్డు మీద ఇళ్ళన్నిటికీ ఒకే తీగ. నేను రిసీవర్ ఎత్తితే పక్కింటి అడెలా కూడా ఎత్తుతుంది. వెనక ఆవిడ గిన్నెలు కడిగే చప్పుడు వినపడుతుంటే సంతోషం చెప్పుకోవడం ఎలా?

బ్లాంచ్ చెల్లెమ్మని అడిగానని చెప్పు. నీ ఊపిరితిత్తులు ఎలా ఉన్నాయి?

నీ బావ
ఎమిల్


టూసన్, ఆరిజోనా
సెప్టెంబరు 24

బావా,

ఉత్తరం అందింది. కోడి బాగానే రాసింది.

ఊపిరితిత్తులు ఫర్వాలేదు. ఇక్కడ గాలిలో తడి లేదు, దగ్గడానికి కూడా బద్ధకం వేస్తుంది. బ్లాంచ్ ముళ్ళమొక్కలకి నీళ్ళు పోస్తోంది. వద్దన్నా పోస్తోంది.

ఇద్దరూ వచ్చినందుకు నాకూ సంతోషమే. ఎవరు గెలవాలో నన్నడగకు. నేను వాళ్ళిద్దరికీ నేర్పినవాణ్ణి, పైగా ఒకడికి తండ్రిని, ఒకడికి మేనమామని. మాట్లాడకుండా కూచుంటే మంచిదని డాక్టరు కూడా చెప్పాడు.

అక్కని అడిగానని చెప్పు. ఈసారి గసగసాల కొలాచీ బన్నులు పంపితే అట్టపెట్టెలో పంపమను, కిందటిసారి పొడి వచ్చింది.

ఒక్క మాట. మెలిక బంతి వేసే ముందు లూమిర్ ఎడమ బుగ్గ పూరించేవాడు కదా. ఇప్పటికీ పూరిస్తున్నాడా? ఊరికే అడిగాను.

లాడీ


వెల్కా
సెప్టెంబరు 29

లాడీకి,

నువ్వు ఊరికే అడిగావు. నాకు తిండి సయించడం లేదు.

నీ ఉత్తరం చదివి ముందు నవ్వుకున్నాను. బుగ్గేమిటి, పూరించడమేమిటి అని. వాడు ఇక్కడ ఆడినన్నాళ్ళూ నేను గోదాము పైనుంచే చూశాను, పని వదిలి కిందికి రావడానికి వీల్లేదు కదా. అంత ఎత్తు నుంచి చూస్తే టోపీలు కనబడతాయి గానీ మొహాలు కనబడవు. నా కొడుకు టోపీ నాకు బాగా తెలుసు. బుగ్గ సంగతి తెలియదు.

శనివారం బోహుష్ బీరుకొట్లో వాళ్ళ ఆట టీవీలో వేశారు. నేను వెళ్ళి తెరకి ముక్కు ఆనించి నిలబడ్డాను. "ఎమిల్, నీ వీపు చూడడానికి రాలేదు మేం, తప్పుకో" అని వెనకనుంచి అరుస్తున్నారు. నేను కదిలితే కదా. లూమిర్ బుగ్గ పూరించాడు. బంతి మెలిక తిరిగింది. మళ్ళీ పూరించాడు, మళ్ళీ మెలిక. పూరించకపోతే తిన్నగా, జోరుగా. నేను జన్మంతా గోధుమ తూకం వేసుకు బతికినవాణ్ణి, నాకే బంతి వాడి చెయ్యి దాటకముందు తెలిసిపోతోంది. ఆపుకోలేక పైకి అనేశాను, "మెలిక" అని. మెలికే పడింది. "తిన్నగా" అన్నాను. తిన్నగానే వచ్చింది. బోహుష్ గ్లాసు తుడవడం ఆపి, "నువ్వు ఎప్పటినుంచి ఇంత తెలివైనవాడివయ్యావోయ్?" అన్నాడు. కడుపు నొప్పని చెప్పి ఇంటికి వచ్చేశాను.

లాడీ, బ్యాటు పట్టినవాడికి ఏ బంతి వస్తుందో ముందే తెలిస్తే ఇక వాణ్ణి ఆపేదెవరు? ఇన్నాళ్ళూ మా వాడు చిన్న జట్లలోనే ఉండిపోవడానికి కారణం ఇదేనా? ఆ బుగ్గ మీద నేను ఎన్ని ముద్దులు పెట్టి ఉంటాను. నాకు దాని మీద ఒళ్ళు మండుతోంది.

వాడికి చెప్పనా వద్దా? నువ్వు చెప్పినట్టు చేస్తాను. ఇంకొకటి. మీ వెన్సిల్ వాడికి ఎదురుగా కూచుని బంతి పడుతూ ఏళ్ళ తరబడి ఆ బుగ్గ చూసినవాడు. వాడికి గుర్తుండకుండా ఉంటుందా? జట్టులో అందరికీ చెప్పేస్తాడా? నిజం రాయి. వెంటనే రాయి. వ్లాస్తాకి ఇంకా చెప్పలేదు, నేను కాఫీలో ఉప్పు వేసుకోవడం చూసి ఏదో ఉందని మాత్రం కనిపెట్టింది.

ఎమిల్


టూసన్
అక్టోబరు 2

బావా,

చెప్పకు. మిగతాది చదవకపోయినా ఫర్వాలేదు. లూమిర్‌కి చెప్పకు.

చిన్నప్పుడు వాడికి ఒకసారి చెప్పి చూశాను. ఆ రోజంతా వాడు బుగ్గ గురించే ఆలోచించాడు, బంతి గురించి ఆలోచించలేదు. ఒకటి వెళ్ళి పాలబండి గుర్రానికి తగిలింది. ఆ గుర్రం సాయంత్రం దాకా దొరకలేదు. మర్నాటి నుంచి నేనా మాట ఎత్తలేదు. తనకి బుగ్గ ఉందన్న సంగతి మరిచిపోయినంత కాలం వాడు బాగానే విసురుతాడు.

నిన్న వెన్సిల్ ఫోన్ చేశాడు. నేనేమీ అడగలేదు, వాడే ఆ మాట ఎత్తాడు. "నాన్నా, బావ బుగ్గ సంగతి మా జట్టులో ఎవరికీ చెప్పను. అది నాకు ఇంట్లో తెలిసింది, ఆటలో తెలిసింది కాదు. కానీ నేను బ్యాటు పట్టుకున్నప్పుడు కళ్ళు మూసుకోమంటే మాత్రం కుదరదు. నా కళ్ళు నావే కదా" అన్నాడు.

నాకు న్యాయంగానే తోచింది. నీకెలా ఉందో రాయి.

మళ్ళీ రాస్తున్నాను, చెప్పకు.

లాడీ


వెల్కా
అక్టోబరు 8

శ్రీ లాడిస్లావ్ గారికి,

అయ్యా,

తమరు పంపిన ఉత్తరం ఐదో తారీఖున అందింది. నేను నాలుగో తారీఖున ఫోన్ చేశాను. తమరు ఎడారిలో ఉన్నారు, తొందరేముంటుంది.

ఏం జరిగిందో తమరు పేపర్లో చూసే ఉంటారు, అయినా అసలు సంగతి పేపర్లో లేదు కనక రాస్తున్నాను. వ్లాస్తా చర్చిలో దుప్పట్లు కుట్టడానికి వెళ్ళింది. ఇంట్లో ఒక్కణ్ణే ఉన్నాను, ఫోన్ ఎదురుగా ఉంది. మనిషన్నవాడు ఎంతసేపని ఆగుతాడు? లూమిర్ దిగిన హోటల్‌కి కలపమన్నాను. వాడు గదిలో లేడు. గుమాస్తా, "ఏమైనా చెప్పమంటారా సార్?" అన్నాడు.

"వాళ్ళ నాన్న ఫోన్ చేశాడని చెప్పండి. నోరు మూసుకోమన్నాడని చెప్పండి."

"అంతేనా సార్?"

"మెలిక బంతి వేసే ముందు. బుగ్గ పూరించకూడదు."

"బుగ్గా సార్?"

అప్పుడు తీగ మీద ఎవరో దగ్గారు. "ఎమిల్, ఏ బుగ్గ? ఎడమదా, కుడిదా?" అంది అడెలా. "ష్, మమ్మల్ని విననివ్వు" అంది ఇంకో గొంతు. ఆ గొంతు ఫాదర్ కుచెరా గారి వంటామెది.

సాయంత్రానికి ఊరంతా పాకింది. మా ఊరివాళ్ళ మనసు తమరికి తెలుసు. మన కుర్రాడికి సాయపడాలని స్టేషన్‌లో టెలిగ్రాం కిటికీ ముందు వరస కట్టారు. బయలుదేరబోయే రైలు ఈ వరస చూసి టికెట్ల కోసమేమోనని కాసేపు ఆగిందట. ఎవరికి వారు తామొక్కరే పంపుతున్నామనుకున్నారు. ఫాదర్ కుచెరా, "నోరు మూసుకో నాయనా, దేవుడు నీ వెంట ఉన్నాడు" అని పంపారు. బోహుష్, "నోరు మూసుకుని గెలువు, బీరు మాది" అని. బడిలో నాలుగో తరగతి పిల్లలు అందరూ కలిసి, "నోరు మూసుకోండి, ఇట్లు మీ అభిమానులు" అని. అడెలా తన పేరు పెట్టకుండా పంపింది. టెలిగ్రాంకి మాటకింత అని తీసుకుంటారు గనక, చాలామంది కారణం రాయకుండా ఆ రెండు మాటలే పంపారు.

ఇవన్నీ సంచిలో వేసి ఫైనల్ ఏడు ఆటల్లో రెండోదానికి ముందు లూమిర్ చేతిలో పెట్టారట. జట్టులో కుర్రాళ్ళు బల్లమీదికెక్కి ఒక్కొక్కటే చదివారట.

ఆ తరవాత ఆట తమరు చూశారు. నా కొడుకు పెదాలు బిగించి మైదానంలోకి వచ్చాడు. ఊపిరి తియ్యడం కూడా మరిచిపోయాడు. వంకాయ రంగులోకి తిరిగాడు. అంపైరు దగ్గరికి వచ్చి పంటి నొప్పా అని అడగడం టీవీలో కనబడింది. ఒక బంతి ఫొటోలు తీసేవాళ్ళ మధ్యకి వెళ్ళింది. ఒకటి ఎక్కడికి వెళ్ళిందో నాకిప్పటికీ తెలియదు. తొమ్మిది ఇన్నింగ్స్ ఆటలో రెండోది కాకముందే వాణ్ణి తీసేసి బల్లమీద కూచోబెట్టారు. అక్కడినుంచి వాడు లేవలేదు. మర్నాడు పేపర్లో వాడి బొమ్మ వేసి పైన రాశారు: "సొంత ఊరికే గిట్టని ఆటగాడు."

అయ్యా, నేను చదువుకోలేదు కానీ ఆలోచించుకోవడం వచ్చు. ఆ బుగ్గ గురించి నాకు చెప్పినదెవరు? తమరు. ఎప్పుడు? సరిగ్గా ఫైనల్‌కి ముందు. ఎలా? "ఊరికే." నాకు చెబితే నేను ఆగలేనని మా బంధువర్గంలో చంటిపిల్లలకి కూడా తెలుసు. తమరి అబ్బాయికి మూడో ఉంగరం కావాలంటే ముందే చెప్పవలసింది, నేనే కొని పంపేవాణ్ణి.

ఇట్లు
తమరి అక్క భర్త
ఎమిల్

తమ్ముడూ, నేను, మీ అక్క వ్లాస్తాని. కవరు అంటించే పని నాకిచ్చారు గనక ఈ ముక్క రాస్తున్నాను. ఆయన ఈ ఉత్తరం రాస్తూ మూడు కొలాచీలు తిన్నారు, కాబట్టి నువ్వు మరీ బాధపడకు. లూమిర్ మాత్రం ఫోన్ చేశాడు. "నోరు తెరవొచ్చా అమ్మా?" అని అడిగి పెట్టేశాడు. నాకు దిగులుగా ఉంది.


టూసన్
అక్టోబరు 10

బావా,

"అయ్యా" అన్నావు గనక జవాబు రాయకూడదనుకున్నాను. బ్లాంచ్ కలం తెచ్చి చేతిలో పెట్టింది. రాయకపోతే రాత్రికి తను వండనంది.

నువ్వు ఆగలేవని తెలుసు. అడగడం నా తప్పే. నలభై మంది పిల్లలకి ఆట నేర్పాను, ఎవడి మోచెయ్యి ఎక్కడుంటుందో, ఎవడి బుగ్గ ఎక్కడుంటుందో ఇంకా కళ్ళముందే తిరుగుతుంటుంది. అలా అడిగాను. నా మనసులో ఇంకేమీ లేదు. నమ్మితే నమ్ము.

ఇప్పుడు వెన్సిల్ సంగతి. ఆ పేపరు వాళ్ళ జట్టుకి కూడా చేరింది. వాళ్ళ పెద్ద కోచ్ అందరూ చూస్తుండగా వెన్సిల్‌ని పిలిచి, "మీరిద్దరూ ఒకే ఊరివాళ్ళుగా, ఏమిటీ నోటి గొడవ? ఏదో ఉంది, చెప్పు" అన్నాడట. చెప్పి ఉంటే ఆ నిమిషంలోనే లూమిర్ ఆట అయిపోయేది. ఇంకెప్పుడు దింపినా చితక్కొట్టేవాళ్ళు.

వెన్సిల్ ఏమన్నాడో తెలుసా? "ఏం లేదు సార్. మా బావ చిన్నప్పుడు చర్చిలో పాడేవాడు. ఊరివాళ్ళు భరించలేకపోయేవాళ్ళు. వాణ్ణి చూస్తే నోరు మూసుకోమనడం మా ఊరికి అలవాటు" అన్నాడు. అందరూ నవ్వి వదిలేశారు. ఇది వాడు నాకు గొప్పగా చెప్పుకోలేదు. "నాన్నా, లూమిర్ బావ నిజంగా బాగా పాడేవాడు, అదొక్కటే బాధగా ఉంది" అన్నాడు.

ఈ సంగతి నీకు ఊరికే రాయడం లేదు.

చెరి మూడూ గెలిచి ఆటలు ఏడోదాకా వెళ్ళేట్టున్నాయి. వెళితే మీ జట్టులో బంతి విసిరేవాళ్ళందరి చేతులూ అలిసిపోయి ఉంటాయి. ఎంత వద్దనుకున్నా చివర్లో లూమిర్‌ని దింపక తప్పదు. ఊళ్ళో అందరికీ చెప్పు, స్టేషన్ వైపు ఎవరూ వెళ్ళొద్దని.

మా ఇంట్లో ఫోన్ తీగ మా ఒక్కరిదే. నీకున్న ఇబ్బంది మాకు లేదు. అంతకంటే ఏమీ రాయను.

లాడీ


వెల్కా
అక్టోబరు 16

ఒరే లాడీ,

గెలిచాడు. నా కొడుకు గెలిచాడు. నీ కొడుకునే అవుట్ చేసి గెలిచాడు. నువ్వు టీవీలో చూశావని తెలుసు, పేపర్లో చదివావని తెలుసు, అయినా నా చేత్తో రాస్తే తప్ప నాకు తృప్తి లేదు. నిన్నటినుంచి ఇది నాలుగో కాగితం. మొదటి మూడిటిమీదా కన్నీళ్ళు పడి సిరా కారిపోయింది. వ్లాస్తా, "పెన్సిల్‌తో రాయండి" అంది. అందుకే పెన్సిల్.

ఏడో ఆట రోజు బోహుష్ కొట్లో ఊరంతా ఉంది. బడికి సెలవిచ్చారు. జొన్న కోసే యంత్రాలు పొలాల్లో ఎక్కడివక్కడ వదిలేసి వచ్చారు. చివరి ఇన్నింగ్స్, మావాళ్ళు ఒక్క పరుగు ముందున్నారు, ఒక్కణ్ణి అవుట్ చేస్తే చాలు. కానీ మీ వాళ్ళు ఇద్దరు పరుగు తియ్యడానికి సిద్ధంగా మైదానంలో నిలబడి ఉన్నారు, మా వాళ్ళలో విసిరే చెయ్యి ఒక్కటీ మిగల్లేదు. అప్పుడు కోచ్ బల్ల చివరికి వేలు చూపించాడు. కొట్లో ఎవడో ఒకడు మెల్లిగా తలుపు వైపు జరిగితే ఫాదర్ కుచెరా రెండు చేతులూ చాపి అడ్డంగా నిలబడి, "టెలిగ్రాం పేరెత్తినవాడికి ఈస్టరు దాకా పాపక్షమాపణ లేదు" అన్నారు.

లూమిర్ నడిచి వచ్చాడు. లాడీ, వాడి మొహం చూసి నేను గుర్తుపట్టలేదు. రెండు బుగ్గలూ చెరో పక్కా ఇంత లావున ఉబ్బి ఉన్నాయి. "అయ్యో, గవదబిళ్ళలా?" అని మీ అక్క లేచి నిలబడింది. అడెలా శిలువ గీసుకుంది. ఆ మొహంతో వాడు టోపీ సర్దుకుని కాలితో మట్టి గీకాడు. ఇటు చూస్తే బ్యాటు పట్టుకుని వచ్చేది వెన్సిల్.

మీ వాడు బ్యాటు ఎత్తి లూమిర్ మొహం వైపు చూశాడు. చూసి, చెయ్యి ఎత్తి ఆట ఆపించి పక్కకి వెళ్ళాడు. బూటు లేసు కట్టుకుంటున్నట్టు వంగాడు గానీ, వీపు కదలడం చూస్తే నవ్వుతున్నాడని నాకు తెలిసిపోయింది. తిరిగి వచ్చి నిలబడ్డాడు. మొదటి బంతి జోరుగా వచ్చింది, తప్పాడు. రెండోది కొట్టాడు చూడు, అది ఆకాశంలోకి లేచి అలా వెళుతూనే ఉంది. నేను బోహుష్ చెయ్యి పట్టుకున్నాను, వాడికింకా కమిలే ఉంది. గీత బయట పడింది, అదీ తప్పు కిందే లెక్క. మూడోది మెలిక. బుగ్గ పూరించాడో లేదో ఆ దేవుడికి కూడా తెలియదు, అక్కడ పూరించడానికి చోటేదీ. వెన్సిల్ బ్యాటు గాలిలో తిరిగింది. మూడు తప్పులూ అయిపోయాయి, అవుట్.

నేను ఎగిరాను. ఎగిరి కింద పడేలోపే మీ వాడి మొహం టీవీలో కనబడింది. ఇక ఎగరలేకపోయాను. కూచుండిపోయాను. ఊరంతా కేకలు వేస్తుంటే మీ అక్కా నేనూ ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని వెన్సిల్‌నే చూస్తున్నాం. వాడు తన వాళ్ళవైపు వెళ్ళకుండా తిన్నగా మా వాడి దగ్గరికి నడిచి, చెవిలో ఏదో చెప్పాడు. లూమిర్ నవ్వబోతే నోట్లోంచి ఏదో ఉండ ఊడి కింద పడింది.

అదేమిటో మొన్న తెలిసింది. వాడు సోమవారం మధ్యాహ్నం ఇంటికి వచ్చాడు. ఫోన్‌లో అడిగితే "అందరూ వింటున్నారా నాన్నా?" అన్నాడు, "వింటున్నాం బాబూ" అని చాలా గొంతులు వినపడ్డాయి, అందుకే వచ్చేదాకా చెప్పలేదు. వంటగదిలో తలుపేసి అంతా చెప్పాడు.

ఏడో ఆట రోజు పొద్దున హోటల్‌కి ఒక ఫోన్ వచ్చిందట. "లూమిర్, నేను మీ మామయ్యని. ఊరంతా నిన్ను మూసుకోమంటున్నారు. నువ్వు మూసుకోకు. చూయింగ్ గమ్ కొనుక్కుని రెండు బుగ్గల్లోనూ పట్టినంత కుక్కుకో. లోపల ఏది పూరించావో కన్నతల్లికి కూడా తెలియకూడదు. తరవాత దాని సంగతి మరిచిపోయి విసురు." వీడు అడిగాడట, "మరి మామయ్యా, ఎదురుగా బ్యాటు పట్టుకున్నది వెన్సిల్ అయితే?" అవతల రెండుసార్లు దగ్గు వినపడిందట. తరవాత నువ్వు అన్నావట, "అయితే ఇంకాస్త కుక్కుకో."

లాడీ, ఇది విని నేను తినే సాసేజి వదిలేసి పెరట్లోకి వెళ్ళాను. కాసేపు బాతుల్ని చూస్తూ నిలబడ్డాను. వాటికి కూడా చెప్పాను. చదువుకున్నవాణ్ణయితే ఇక్కడ ఏదో పెద్ద మాట రాసేవాణ్ణి. నాకు తెలిసింది ఒక్కటే. ఆ "అయ్యా" వెనక్కి తీసుకుంటున్నాను. ఆ ఉత్తరం ఉంటే పొయ్యిలో వెయ్యి. దాచుకుని నన్ను ఏడిపిద్దామనుకుంటే అది కూడా నీ ఇష్టం, నాకు తగిన శాస్తే.

వెన్సిల్‌కి తెలిస్తే ఎలా అని నువ్వు భయపడుతుంటావు. భయపడకు. వాడు లూమిర్ చెవిలో చెప్పిందేమిటో తెలుసా? "బావా, ఆ బుగ్గలు నీవి కావు, మా నాన్నవి. పొద్దుతిరుగుడు గింజలు రెండు పక్కలా కుక్కుకుని ఆయన మైదానం ఒడ్డున నిలబడితే చూస్తూ పెరిగాను. ఆయనకి చెప్పు, ఈ థాంక్స్‌గివింగ్ పండగ విందుకి బాతులో తొడలు రెండూ నావే, ఒకటి కూడా ఇవ్వను." బాతు తొడలు రెండు కాదు, బాతే ఇద్దామని మీ అక్క బలిసినదాన్ని విడిగా కట్టేసింది.

శనివారం ఊరేగింపు. ఫైర్ ఇంజనుమీద లూమిర్ ఒక్కణ్ణే కూచోబెడతామన్నారు పంచాయతీవాళ్ళు. "మా వాడికి బంతి విసరడం వచ్చింది ఎదురుగా పట్టేవాడు ఉండబట్టి, ఇద్దరూ ఎక్కితేనే ఇంజను కదలాలి" అన్నాను. ఒప్పుకున్నారు. వెన్సిల్ శుక్రవారం వస్తున్నాడు. నీ ఊపిరితిత్తులు ఒప్పుకుంటే నువ్వూ చెల్లెమ్మా రండి. డాక్టరు వద్దంటే నాతో మాట్లాడించు.

చోటు అయిపోతోంది. తూర్పు వైపు బంధువులకి నేను రాస్తాను, పడమటి వైపు వాళ్ళకి నువ్వు ఫోన్ చెయ్యి, తీగ నీ ఒక్కడిదేగా. ముందుగా ఫీనిక్స్‌లో మన ఫెర్డినాండ్‌కి. వాడు లూమిర్ ఎప్పటికీ పైకి రాడన్నాడు, కాబట్టి వాడికి రెండుసార్లు చెప్పు. డెన్వర్‌లో ఆగ్నెస్‌కి. అది సన్యాసినుల మఠంలో ఉంది గనక అక్కడి పెద్ద సిస్టరుగారి ద్వారా చెప్పాలి, రెండు జట్ల కోసమూ ప్రార్థన చేశానని ఉత్తరం రాసింది, ఏ జట్టుకి ఎక్కువ చేసిందో మెల్లిగా అడుగు. బ్లాంచ్ చెల్లెమ్మ అన్నగారు యారోస్లావ్‌కి, ఆయన బేస్‌బాల్ చూడడు, అయినా చెప్పకపోతే కోపం. కవలలకి, ఇద్దరికీ విడివిడిగా, ఒకరికి చెప్పి రెండోవాడికి చెప్పమంటే చెప్పడు. లిబ్బీకి, ఆమె కొత్త భర్తకి కూడా, పేరు మరిచిపోయాను. చివరికి లాస్ ఏంజెలెస్‌లో మీ ఒటీలీ మేనత్తకి. ఆవిడకి తొంభై దాటాయి, చెవుడు, గట్టిగా చెప్పాలి. మన అబ్బాయి గెలిచాడని చెప్పు. ఏ అబ్బాయి అని అడుగుతుంది. అవును అత్తయ్యా అను.

నీ బావ
ఎమిల్